వంటింటి పొగకు పటము



పొగను జూచి నిప్పు నూహించుటకు తర్కశాస్త్రజ్ఞులు చూపు దృష్టాంతము వంటిల్లే. పొగ యున్నచోట నిప్పుండునని వారు నిరూపించిరి గాని, ఆ పొగ యెవరి రొమ్మున జేరుచున్నదని విచారింపలేదు.

మా పుట్టినిల్లు కోనసీమలో నొక మండువా లోగిలి. కొబ్బరిమట్టలు, డొక్కలు, పిడకలు మా వంటచెఱకు. మా తల్లిగారు 30 ఏండ్లు ఊదుగొట్టముతో పొయ్యి నూదిరి. అరువదియేండ్లు నిండకమునుపే వారికి ఆయాసము పట్టుకొన్నది. రాజమహేంద్రవరమున వైద్యుడు పరీక్షించి, "అమ్మా, మీకు చుట్ట త్రాగు నలవాటు కలదా?" యని యడుగగా, ఎన్నడును చుట్ట ముట్టని మా తల్లిగారు సిగ్గుతో తలవంచుకొనిరి. అదే యింట వీధియరుగుపై గూర్చుండు మా నాయనగారికి దగ్గైనను లేదు. ఇంటిలోని గాలి యంతయు నొక్కటియే యని మేము తలచితిమి. అది పొరపాటు.

ఆ పొరపాటును లెక్కతో దిద్దిన పరిశోధన తెలుగునాటనే జరిగినది. చెన్నపట్టణమందలి శ్రీరామచంద్ర వైద్యకళాశాలకు చెందిన కల్పనా బాలకృష్ణన్ గారును, వారి సహచరులును, నేడు తెలంగాణములోనున్న వరంగల్లు, నిజామాబాదు, రంగారెడ్డి జిల్లాల పల్లెలలో 400లకు పైగా ఇండ్ల గాలిని కొలిచి, 2004లో ఫలితములను ప్రకటించిరి. ఊపిరితో లోనికి బోవు సన్నని ధూళి, దినమంతటి సగటున, గ్యాసుపొయ్యి యిండ్లలో ఘనమీటరు గాలికి 73 మైక్రోగ్రాములు. కట్టెలు, పిడకలు కాల్చు ఇండ్లలో 732 వఱకును ఉండెను. ఎవ్వరెంతసేపు ఎచ్చట నుందురో విచారించి గణింపగా, అట్టి యిండ్లలో అందఱికంటె నెక్కువ పొగ పీల్చునది వంటచేయు స్త్రీయే యని తేలినది. పురుషులలో నెక్కువ పీల్చువారు ఇంటిపట్టుననుండు వృద్ధులు.

అయితే ఒకచోట నుంచిన పరికరము ఆ చోటి గాలినే చెప్పును. పొయ్యికడ నెంత, ఉయ్యెలకడ నెంత యని గదియంతయు నొక్కసారిగా దెలియుటెట్లు? దీనికి వెలుతురే సాధనమైనది. 1990లో అమెరికాదేశపు నార్త్ కరోలినా విశ్వవిద్యాలయమునకు చెందిన లోరీ టాడ్, డేవిడ్ లీత్ అనువారు పనిశాలల గాలికై యిట్టి పద్ధతిని వివరించిరి. కంటికి గానరాని పరారుణకిరణమును గదికి అడ్డముగా బంపి, ఎదుటి గోడనున్న అద్దముచే మరలింతురు. ఒక్కొక్క వాయువు ఆ కిరణములో తనకు దగిన వన్నెను మ్రింగును. ఏ వన్నె యెంత తఱిగెనో చూచినచో, ఆ దారిలో నే వాయువు ఎంత కలదో తెలియును. దారిలో నెచ్చట కలదో తెలియదు. అందుకై పెక్కు కిరణములను పలువైపులనుండి బంపుదురు.

మన వామనగుంటల పీటను తలచుకొనుడు. గుంటలను మూసి, నిలువు వరుసలలోను అడ్డు వరుసలలోను ఎన్నెన్ని చింతగింజలున్నవో మాత్రమే చెప్పినచో, ఆ మొత్తములను సరిచూచి యే గుంటలో నెన్నియో ఊహింపవచ్చును. ఏటవాలు వరుసల లెక్కయు చెప్పినచో ఊహ నిజమునకు మఱింత చేరువగును. ఆసుపత్రులలోని సీటీ స్కాను తలలోపలి పటమును వ్రాయునదియు నిట్లే. ఆ విద్యకు 1979లో కార్మాక్, హౌన్స్‌ఫీల్డ్ అనువారు నోబెల్ బహుమానము నందిరి.

అంత విలువగల యంత్రము మన వంటిండ్లకు రానక్కఱలేదు. దాని పాఠము చాలును. పెంకుల సందునుండి పడు ఎండపట్టెలో పొగ యెటు సాగుచున్నదో యొకదినము గమనింపుడు. ఆ దారిలో ఉయ్యెల కట్టకుడు, ముసలివారి మంచము వేయకుడు. గ్యాసుపొయ్యి యుండియు నీళ్ళకాగుకు డొక్కలు పెట్టువారు దానిని పెరటిలోనికి మార్పుడు. కంటికి గానరానిదానికిని భయపడవలయును. బొగ్గుల కుంపటినుండి పుట్టు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన గదిలో కుంపటి యుంచుట ప్రాణాపాయము.

ఇప్పుడు మా తల్లిగారిని పొయ్యికడకు పోనీయము. ఆ వైద్యుడు మరల నడిగినచో, ఆమె తలవంచుకొనకమునుపే నేను చెప్పుదును: "త్రాగినదయ్యా, 30 ఏండ్లు, పొయ్యిపొగ."