కాలువ నేర్పు కంప్యూటరు మాటలు

1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీరు వదలిననాటినుండి పల్నాటివారికి కాలువ, తూము చిరపరిచితములైన మాటలు. ఇంటనుండి ఉద్యోగము చేయు నేటి యువకులకు అంతర్జాల పరిభాషను వీనితోనే బోధింపవచ్చును.

'బ్యాండ్‌విడ్త్' అనగా కాలువ పారుదల సామర్థ్యము. నీటిని క్యూసెక్కులలో కొలిచినట్లు దీనిని సెకనుకిన్ని మెగాబిట్లని కొలుతురు. వచ్చిన సమాచారమును ఇంటిలోని పరికరములకు పంచిపెట్టు తూము 'రౌటరు'. కాలువకు లేని గుణమొకటి అంతర్జాలమునకు కలదు. ప్రవాహము రెండువైపుల సాగును. ఇంటికి వచ్చునది 'డౌన్‌లోడు', ఇంటినుండి పోవునది 'అప్‌లోడు'.

8 బిట్లు ఒక బైటు. కనుక 100 మెగాబిట్ల కనెక్షనులో సెకనుకు వచ్చునది 12.5 మెగాబైట్లకు మించదు. ఇది ఎరుగనివాడు మోసపోతినని వగచును. అప్‌లోడు వేగము విచారింపక డబ్బు కట్టినవాడు, చేసిన పనిని వేళకు పంపజాలక ఉద్యోగమునకే ముప్పు తెచ్చుకొనును.

పిల్లవాడు కొలువులో చేరకముందే ఈ నాలుగు మాటలను బడిలో నేర్పుట మేలు.