పసుపు దీపం ఆరకపోతే పెట్టె మార్చాలా?

బెళుగుప్ప: కారు తాళం తిప్పగానే మీటరులో వెలిగే దీపాలు రెండు మూడు సెకన్లలో ఆరిపోవాలి. ఒకటి మాత్రం ఆరదు. పసుపు రంగు, గుండ్రటి గుర్తు, మధ్యలో ఏబీఎస్ అని మూడు ఇంగ్లీషు అక్షరాలు. కాసేపటికి ఫోర్ వీల్ దీపమూ దానికి తోడవుతుంది. షెడ్డుకు తీసుకుపోతే ‘ఏబీఎస్ పెట్టె పోయింది, మార్చాల’ అంటారు. వేలకు వేలు ఖర్చు. అంతా పెట్టి మార్చాక కూడా దీపం ఆరకపోతే ఎవరిని అడగాలి?

గాలిమరల కిందికి, చేలగట్ల వెంబడి, వంకలు దాటి తిరగాలంటే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండే దిక్కు. బాడుగకు తిప్పేవారికి బండి వారం రోజులు నిలిచిందంటే ఆ నెల కంతు తప్పినట్టే. అందుకే కొందరు దగ్గరి దారి చూసుకుంటారు. దీపం మీద నల్లటేపు అంటిస్తారు! దీపం కనబడదు, జబ్బు మాత్రం అక్కడే ఉంటుంది.

ఇంతకూ ఈ ఏబీఎస్ చేసే పనేమిటి? గట్టిగా బ్రేకు తొక్కితే చక్రం బిగుసుకుపోయి జారుతుంది. ముందు చక్రాలు జారుతున్నప్పుడు స్టీరింగు ఎంత తిప్పినా బండి తిరగదు, నేరుగా పోతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం జిల్లాలో, నెలల తరబడి దుమ్ము పేరుకున్న తారు మీద మొదటి చినుకులు పడ్డ రోజు దారి ఎలా ఉంటుందో డ్రైవర్లకు చెప్పనక్కరలేదు. ప్రతి చక్రం దగ్గర ఒక సెన్సరు ఉండి, అది ఎంత వేగంతో తిరుగుతున్నదో పెట్టెకు చెబుతూ ఉంటుంది. ఏ చక్రమైనా బిగుసుకోబోతే పెట్టె దాని బ్రేకును క్షణంలో వదిలి మళ్లీ పడుతుంది. కాలి కింద పెడలు అదిరేది అందుకే. ఒక్క మాట. వదులు కంకర మీద ఏబీఎస్ ఉన్న బండి కాస్త ఎక్కువ దూరం పోయి ఆగవచ్చు. కానీ స్టీరింగు మన చేతిలో ఉంటుంది.

నాలుగు చక్రాల బలం, జారని బ్రేకు రెండూ ఉన్న బండి కొత్తదేమీ కాదు. 1966లోనే ఇంగ్లండులో జెన్సన్ ఎఫ్ఎఫ్ అనే కారు అలా వచ్చింది. విమానాల కోసం తయారైన బ్రేకు పద్ధతినే దానికి పెట్టారు. ఎలక్ట్రానిక్ ఏబీఎస్‌ను 1978లో బాష్ కంపెనీ మెర్సిడెస్ కార్లకు అందించింది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి అయింది.

ఒక వైరు, రెండు దీపాలు

ఫోర్ వీల్ బండి యజమానులు ఎక్కువగా భయపడేది రెండు దీపాలు కలిసి వెలిగినప్పుడే. బ్రేకూ పోయింది, గేరు పెట్టే పోయింది అనుకుంటారు. చాలా బండ్లలో వెనక చక్రాలకు ఎప్పుడు బలం పంపాలో నిర్ణయించే యంత్రం కూడా ఈ చక్రాల సెన్సర్ల మాటే వింటుంది. ఒక సెన్సరు మూగబోతే రెండూ పని మానేస్తాయి. కనుక ముందు ఏబీఎస్ సంగతి తేల్చుకోకుండా గేరు పెట్టె విప్పనివ్వకండి. ఇంకొకటి, ఈ బండ్లలో నాలుగు టైర్లూ ఒకే సైజులో, ఇంచుమించు ఒకే అరుగుదలతో ఉండాలి. మూడు అరిగినవి, ఒకటి వేరే సైజుది అయితే ఆ చక్రం వేగం తేడాగా కనిపించి, పెట్టె తప్పు పడుతుంది.

పసుపు దీపం ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకు పనిచేస్తుంది, నిదానంగా షెడ్డు చేరవచ్చు. ఎర్రటి బ్రేకు దీపం కూడా వెలిగిందా, బండిని పక్కకు ఆపి బ్రేకు ఆయిలు చూడాల్సిందే.

ముందు బ్యాటరీ, చివర పెట్టె

వెతకడం బ్యాటరీ దగ్గర మొదలు పెట్టాలి. ఇంజను ఆపినప్పుడు 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు 14కు అటూ ఇటూ ఉండాలి. బ్యాటరీ నీరసపడితే ఏ తప్పూ లేకుండానే ఈ దీపం వెలగవచ్చు. తర్వాత ఫ్యూజులు, ఆపైన ఎర్త్ బోల్టు. ఇక్కడే మల్టీమీటరు మోసం చేస్తుంది. లోపల ఒకే పోగు మిగిలిన వైరు కూడా మీటరుకు 12 వోల్టులు చూపుతుంది. అదే వైరుకు హెడ్‌లైటు బల్బు తగిలిస్తే మిణుకుమిణుకుమంటుంది. బల్బు పరీక్ష పెట్టెకు కరెంటు తెచ్చే వైరుకూ ఎర్త్‌కూ మాత్రమే. సెన్సరు వైర్లకు బల్బు పెడితే మంచి పెట్టె కూడా చెడిపోవచ్చు.

అవన్నీ బాగుంటే స్కానరు పెట్టించాలి. చవక స్కానర్లు చాలావరకు ఇంజను తప్పులే చదువుతాయి, ఏబీఎస్ చదివేదేనా అని ముందే అడగండి. ‘ఎడమ ముందు చక్రం సెన్సరు’ అని వచ్చిందంటే సెన్సరే పోయిందని అర్థం కాదు. స్కానరు ఊరి పేరు చెబుతుంది, ఇల్లు మనమే వెతుక్కోవాలి. ఆ చక్రం నుంచి పెట్టె దాకా పోయే వైరు, కప్లరు, హబ్బులోని పళ్ల రింగు... తప్పు ఎక్కడైనా ఉండవచ్చు.

స్టీరింగు తిరిగిన ప్రతిసారీ, గుంత పడిన ప్రతిసారీ ముందు చక్రం వైరు వంగుతుంది. పైన రబ్బరు బాగానే ఉండి లోపల రాగి తెగుతుంది. స్కానరులో వేగం చూస్తూ వైరును చేత్తో కదిలిస్తే దొరికిపోతుంది. బండి కింద కంపచెట్లు గీరుకుంటాయి. శెనక్కాయ కట్టె వామి పక్కన నిలిపితే ఎలుకలు కొరుకుతాయి. నీళ్ల పైపు జోరుగా కొడితే కప్లరులోకి తడి చేరి పచ్చటి చిలుము పడుతుంది. సెన్సరు కొనకు అయస్కాంతం ఉంటే ఇనుప పొడి అంటుకుంటుంది, గుడ్డతో తుడిస్తే చాలు.

పాత రకం సెన్సరులో తీగచుట్ట ఉంటుంది. కప్లరు విప్పి ఓములు చూసి, రెండో వైపు చక్రం సెన్సరుతో పోల్చుకుంటే తెగిందీ లేనిదీ తెలుస్తుంది. కొత్త రకానికి ఓముల పరీక్ష పనికిరాదు, తాళం తిప్పి దానికి కరెంటు వస్తున్నదా అని చూడాలి. బేరింగు మార్చిన మర్నాటి నుంచే దీపం వెలిగితే సెన్సరును తిట్టకండి. కొన్ని బేరింగులకు ఒక వైపు అయస్కాంతపు రింగు ఉంటుంది. దాన్ని తిరగేసి బిగిస్తే సెన్సరుకు ఏమీ కనబడదు.

చక్రం తిప్పి చూడాలనుకుంటే ఇంజను ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, చేత్తోనే తిప్పాలి. ఫోర్ వీల్ బండికి ఒక పక్క జాకీ ఎత్తి, ఇంజను నడిపి గేరు వేస్తే నేల మీద ఉన్న చక్రాలు లాగి బండి జాకీ మీంచి దూకుతుంది. మనిషి కింద ఉంటే ప్రాణానికే ముప్పు.

కరెంటు, ఎర్త్, వైరు, సెన్సరు, రింగు అన్నీ సరిగా ఉన్నాయని తేలాకే పెట్టె మీద అనుమానం పెట్టుకోవాలి. అప్పుడు కూడా లోపలి టంకం విడిపోయిందేమో, బాగుచేసే వీలుందేమో అడగండి. కొన్ని రకాల పెట్టెలలో అది మామూలే. పని అయ్యాక స్కానరుతో పాత తప్పు చెరిపించి, ఖాళీ దారిలో బండి నడపాలి. కొన్ని బండ్లలో చక్రాలు కాస్త దూరం తిరిగాకే దీపం ఆరుతుంది.