పులస కొనేముందు.. పులుసు పెట్టేముందు

గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే చాలు, కోనసీమ, నరసాపురం ప్రాంతాల ఇళ్లలో మట్టిదాకలు అటకల మీది నుంచి కిందికి దిగుతాయి. పుస్తెలమ్మైనా పులస తినాలన్నది ఇక్కడి నానుడి. జులై నుంచి సెప్టెంబరు వరకు మాత్రమే లభించే ఈ చేప ఒక్కొక్కటీ వేల రూపాయలు పలుకుతోంది. అంత సొమ్ము పోసి తెచ్చినది తీరా పులస కాకపోయినా, వంటలో చెడినా మధ్యతరగతి కుటుంబానికి నెల ఖర్చులు తలకిందులవుతాయి.

ఇలసే పులస

పులస ప్రత్యేక జాతి ఏమీ కాదు. బంగాళాఖాతంలో తిరిగే ఇలసే. బెంగాలీలు ప్రాణప్రదంగా భావించే ఇలిష్ కూడా ఇదే. వరదనీరు సముద్రంలో కలిసే వేళ గుడ్లు పెట్టేందుకు గౌతమి, వశిష్ఠ పాయల గుండా ఎదురీదుతుంది. ఉప్పునీటిలో వలకు చిక్కితే ఇలస, తీపినీటిలో కొంత దూరం ఈదిన తర్వాత చిక్కితే పులస. ఎదురీత కాలంలో మేత అంతంతమాత్రంగా తీసుకుంటూ, ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే ప్రయాణం సాగిస్తుంది. ఆ రుచి ఈ ప్రయాణంలోనే అబ్బుతుందని మత్స్యకారులు చెబుతారు. ధవళేశ్వరం వద్ద 1852లో ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఈ చేప ఎగువకు వెళ్లే దారి అక్కడితో ఆగిపోయింది.

ఇక మోసమంతా ఈ పేరులోనే ఉంది. ఒడిశా, పశ్చిమ బెంగాల్ నుంచి మంచుపెట్టెల్లో వచ్చే ఇలసలను గోదావరి పులసలుగా అంటగట్టడం ఏటా జరుగుతున్నదే. నదిలో పట్టిన చేపకు వెండి మెరుపు మీద లేత బంగారు ఛాయ ఉంటుందంటారు గానీ, ఆ ఒక్క గుర్తునే నమ్ముకోవడం క్షేమం కాదు. మొప్పలు ఎర్రగా, కళ్లు తేటగా ఉండి, వేలితో నొక్కిన చోట గుంట పడకుండా ఉంటే చేప తాజాదని తెలుస్తుందే తప్ప ఏ నీటిలో పెరిగిందో తెలియదు. వలలు ఒడ్డుకు చేరే వేళకు రేవుకు వెళ్లి, ఎరిగిన పడవవారి వద్ద కొనడమే మేలు.

గరిటె పెట్టరాదు

పొలుసు తీసిన చేపను కోయకముందే శుభ్రంగా కడగాలి. ముక్కలు చేశాక పదేపదే కడిగితే కొవ్వు నీళ్లపాలవుతుంది. కిలో చేపకు పెద్ద నిమ్మకాయంత చింతపండు, మూడు ఉల్లిపాయల ముద్ద, ఎనిమిది పచ్చిమిర్చి, నాలుగైదు లేత బెండకాయలు సరిపోతాయి. దాకలో నూనె కాగాక ఉల్లిముద్దను పచ్చివాసన పోయేవరకు వేయించి, పసుపు, కారం, ఉప్పు, ధనియాల జీలకర్ర పొడి వేసి, చింతపండు పులుసు పోయాలి. అది మరిగాక బెండకాయలు, చేపముక్కలు వేసి మంట తగ్గించాలి. ముక్క మెత్తన, ముళ్లు సన్నన. గరిటెతో కలిపితే ముక్క విరిగి ముల్లు పులుసంతా పరుచుకుంటుంది. గుడ్డతో అంచులు పట్టుకొని దాకనే తిప్పాలి. పిడకల సెగ మీద గంటసేపు మరిగాక కొంచెం వెన్నపూస, ఆవకాయ జాడీలోని తేట నూనె వేసి దింపుతారు. మర్నాటికి ముక్క పులుపు పీల్చుకుంటుంది గనుక ఆనాడు తినేవారిని ఇక్కడివారు తొందరపాటువారిగానే చూస్తారు.

కడుపులో శన ఉన్న చేపకు ధర మరీ ఎక్కువ. శనను చివర్లో పులుసులో వేసి ఉడికిస్తారు. గుడ్లు పెట్టేందుకు వచ్చిన చేపనే ఏరి కోరి తింటూ, పులసలు తగ్గిపోతున్నాయని వాపోవడం ఏపాటి న్యాయమో తినేవారే ఆలోచించాలి.

పులస అందనివారికి ఇదే పులుసు శీలావతితోనూ, బొచ్చెతోనూ చక్కగా కుదురుతుంది. వాటికి అరగంట మంట చాలు. వరదలు తీసి తూర్పుగాలి మళ్లాక, అక్టోబరు, నవంబరు నెలల్లో యానాం పరిసరాల్లో చీరమేను వస్తుంది. చీరలతో వడగట్టి పట్టే ఈ సన్నచేపలను తూకంతో కాక గ్లాసులు, సేర్ల కొలతతో అమ్ముతారు. నాలుగైదు నీళ్లలో ఇసుక పోయేలా కడిగి, నీరు పిండి, నానబెట్టి రుబ్బిన శనగపప్పులో ఉల్లి, అల్లం, పచ్చిమిర్చితో కలిపి గారెలు తడితే పొయ్యి దగ్గరే ఖాళీ అవుతాయి.