కుక్కకు వెల ఎంత?

రేణిగుంటలో రైలుకట్టకు సమీపమున అద్దెయింట కాపురమున్న ఒక కుటుంబమును ఊహింపుడు. ఇంటి యజమాని రైల్వేలో చిరుద్యోగి. అతని భార్య, ఇద్దరు బిడ్డలు, ముసలితల్లి అతనితో ఉన్నారు. రెండు గదులు, ఒక వంటయిల్లు, ముందొక చిన్న వసారా. ఒక వానకాలపు సాయంకాలము కుమారుడు బడినుండి వచ్చుచు, చొక్కాలో పొదివి పట్టుకొని ఒక కుక్కపిల్లను తెచ్చినాడు. దాని వెల ఎంతయని తండ్రి అడిగినాడు. "వెల ఏమియు లేదు నాయనా, ఊరకనే వచ్చినది" అని బాలుడు బదులు చెప్పినాడు.

ఆ మాట అబద్ధము కాదు. ఐనను కుక్క పది, పండ్రెండేండ్లు బ్రతుకు జంతువు. ఆనాడు ఆ యింట మొదలైన లెక్క అంతకాలము సాగవలసినదే. "కొన్నది వంకాయ, కొసరు గుమ్మడికాయ" అను సామెత ఇచట చక్కగా సరిపోవును. తండ్రి కుక్కపిల్లను కాదనలేదు. కాని ఒక షరతు పెట్టినాడు. దానికై అగు ప్రతి ఖర్చును బాలుడు ఒక పుస్తకములో వ్రాసి ఉంచవలెను.

అవ్వకు ఇది వింతగా తోచినది. ఆమె పుట్టిన పల్లెలో కుక్కకు లెక్క వ్రాసినవారు లేరు. పల్లెలో కుక్క ఒక యింటిది కాదు, వీధిది. ఉదయము ఒకరి యింటి చద్ది, మధ్యాహ్నము మరియొకరి యింటి సంగటి ముద్ద దానికి దొరకును. రాత్రి అది కళ్లమునకు కావలి ఉండును, చేనిపై పడు పందులను తరుమును. తిన్నదానికి పనిచేసి ఋణము తీర్చుకొనును. తిరుగుటకు బయలు, పండుకొనుటకు చెట్టునీడ, త్రాగుటకు కుంటనీరు ఎటులనో ఉండనే ఉన్నవి. పట్టణములో గొలుసునకు కట్టిన కుక్కకు వీనిలో ఒక్కటియు తనంతట దొరకదు. పల్లె ఊరక ఇచ్చినదానినెల్ల పట్టణములో డబ్బుతోనో, మనుష్యుని కాలముతోనో కొనవలెను. పట్టణమున కుక్క ఖర్చు పెరుగుటకు మూలకారణము ఇదియే.

పుస్తకములో మొదటి పద్దు తిండి. ఇరువది కిలోల బరువుగల కుక్కకు దినమునకు సుమారు 1,000 కెలోరీల శక్తి కావలెను. రెండుమూడేండ్ల బిడ్డకు కావలసినదియు ఇంచుమించుగా ఇంతే. అనగా ఇంటిలో ఇంకొక చిన్నబిడ్డకు విస్తరి వేసినట్లే. మిగిలిన అన్నము, మజ్జిగ పోసినచో చాలునని పలువురి నమ్మకము. దానితో కడుపు నిండును గాని ఒడలు నిలువదు, మాంసకృత్తులు కావలెను. బియ్యము, ఒక గ్రుడ్డు, కొంచెము పాలు, కొంచెము మాంసము కలిపి దినమునకు 50 రూపాయలని వేసికొన్నచో, ఏడాదికి 18,250 రూపాయలు అగును. పండ్రెండేండ్లకు 2,19,000 రూపాయలు. ఊరక వచ్చిన కుక్కపిల్లకు తిండి పద్దు ఒక్కటే ఇది. అంగడిలో అమ్ము పొట్లపు తిండి కొనువారికి మొత్తము ఇంకను పెరుగును.

పెట్టదగిన వానికంటె పెట్టరాని వానిని తెలిసికొనుట ముఖ్యము. ఉల్లి, వెల్లుల్లి కుక్క నెత్తురులోని ఎఱ్ఱకణములను చెరచును. చాక్లెట్టు దాని గుండెకు కీడు చేయును. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండములను పాడుచేయగలవు. తిరుమల లడ్డులో జీడిపప్పుతో పాటు ఎండుద్రాక్షయు ఉండును. కావున ప్రసాదమును ఇంటిలో అందరికి పంచునపుడు కుక్కకు ఆ వంతు లేకుండుటయే దానిపట్ల దయ.

రెండవ పద్దు వైద్యము. పాలు విడిచిన కొలది దినములకే పిల్లకు టీకాలు ఆరంభమగును. 1978లో ప్రపంచమునకు తెలియవచ్చిన పార్వో అను వ్యాధి, టీకా లేని కుక్కపిల్లలను నెత్తురు విరేచనములతో కొలది దినములలోనే చంపగలదు. కడుపులోని నులిపురుగులకు మందు, ఒంటిమీది పిడుదులకు మందు గడువు తప్పక వేయవలెను. రేణిగుంటవారికి ఈ విషయమున ఒక సౌకర్యము కలదు. పదికిలోమీటర్ల దూరమున ఉన్న తిరుపతిలో, 1955లో ఏర్పడిన పశువైద్యకళాశాల ఉన్నది. 2005లో స్థాపింపబడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమునకును తిరుపతియే కేంద్రము.

కొందరు వీధికుక్కపిల్లను చులకన చేసి, వేలకువేలు పోసి మంచుదేశపు కుక్కలను తెచ్చుకొందురు. కుక్కకు మనుష్యునివలె ఒడలంతయు చెమట పట్టదు. అరికాళ్లయందు మాత్రమే పట్టును. నాలుక చాపి రొప్పుచు అది తన వేడిని తగ్గించుకొనును. వేసవిలో 40 డిగ్రీలు దాటు రేణిగుంట ఎండలో, సైబీరియా మంచుకై పుట్టిన దట్టపు బొచ్చుతో బ్రతుకుట దానికి శిక్షయే. యజమానికి విద్యుత్తు ఖర్చును ఒక శిక్షయగును. చప్పిడిముక్కు పగ్ జాతికి రొప్పుటయే కష్టము. ఈ ఎండకు తరతరములుగా అలవాటుపడిన ఊరకుక్కకు ఇట్టి చిక్కు తక్కువ. బాలుని యెన్నిక తెలియక చేసినదైనను తెలివిగలదే.

పుస్తకములో ఎంత పొదుపు చేసినను తప్పింపరాని పద్దు ఒకటి కలదు. అది రేబీసు టీకా. రేబీసు కుక్క కాటువలన మనుష్యునకు సోకు వ్యాధి. దాని సూక్ష్మజీవి కాటుపడిన చోటినుండి నరములవెంట మెల్లగా మెదడునకు ప్రాకును. సాధారణముగా రెండుమూడు నెలలు పట్టును. ఆ వ్యవధిలో టీకాలు పడినచో మనిషి బ్రతుకును. వ్యాధిలక్షణములు కనబడిన తరువాత వైద్యమున్నను బ్రతికినవారు మిక్కిలి అరుదు. ప్రపంచములో ఏటేట సుమారు 59,000 మంది దీనివలన మరణించుచున్నారని అంచనా. వారిలో మూడవవంతునకు పైగా భారతదేశమువారు. అనుమానపు కాట్లకు గురియగువారిలో నూటికి నలుబదిమంది పదునైదేండ్లకు లోబడిన బిడ్డలు. కుక్కతో ఆడువారు, దాని ముఖమునకు ముఖము ఆనించువారు బిడ్డలే గదా!

ఈ వ్యాధికి విరుగుడు దొరకిన కథయు ఒక బాలునిదే. 1885 జూలై 6న పారిసు నగరములో లూయీ పాశ్చరు, పిచ్చికుక్క కరచిన జోసెఫ్ మైస్టరు అను తొమ్మిదేండ్ల బాలునకు తాను కనిపెట్టిన టీకాను వేయ నారంభించినాడు. బాలుడు బ్రతికినాడు. భారతదేశములో ఇట్టి చికిత్సకు మొదటి పాశ్చరు సంస్థ 1900లో హిమాలయ ప్రాంతమందలి కసౌలిలో వెలసినది. దక్షిణదేశమున కుక్క కరచినవాడు, ఒంటిలో విషము ప్రాకుచుండగా, దేశమంతయు రైలులో దాటిపోవలసి వచ్చెడిది. 1907లో నీలగిరులలోని కూనూరులో మరియొక సంస్థ ఏర్పడి ఆ దూరమును తగ్గించినది. తరువాత చాలకాలము గొఱ్ఱెమెదడునుండి తీసిన మందును బొడ్డుచుట్టు పొట్టలో పొడిచెడివారు. పెద్దలు నేటికిని భయముతో చెప్పుకొను "పదునాలుగు సూదులు" అవియే. 2004 చివర భారతదేశము ఆ మందు తయారీని మానినది. నేటి టీకాను భుజమునకు వేయుదురు. చర్మములో వేయు పద్ధతియందు మొదటినాడు, దానికి మూడు, ఏడు, ఇరువదియెనిమిది దినముల తరువాత వేయించుకొనినచో సరిపోవును. గాయము లోతైనదైనచో దానిలోనే వేయు వేరొక మందు గలదు. వీనికంటె ముందు చేయవలసిన పనికి డబ్బు అక్కరలేదు. కరచిన వెంటనే గాయమును సబ్బుతో, పారు నీటితో పదునైదు నిమిషములు కడుగవలెను. పసుపు, సున్నము, కారము పెట్టరాదు.

కుక్కకు మూడవనెలలో ఒక టీకా, వైద్యుడు చెప్పిన గడువున మరియొకటి, ఆపై ఏటేట ఒకటి వేయించినచో ఇంత భయము ఇంటిలోనికి రాదు. పాశ్చరు టీకా వేసిన జూలై 6వ తేదీని జంతువులనుండి సోకు వ్యాధుల దినముగా పాటింతురు. ఆంధ్రప్రదేశ్‌లో ఆనాడు ప్రభుత్వ పశువైద్యశాలలయందు కుక్కలకు ఈ టీకాను ఉచితముగా వేయుదురు. కావున ఎన్నటికిని తప్పింపరాని ఆ పద్దున బాలుడు సున్న వ్రాయగలిగినాడు. ఖర్చు లేకున్నను జనులు దానినే మరచుట వింత.

పుస్తకములో చేరని ఖర్చులును కొన్ని గలవు. తెల్లవారి ఒకమారు, సాయంకాలము ఒకమారు కుక్కను త్రిప్పి తేవలెను. అది వీధిలో మలవిసర్జన చేసినచో ఎత్తివేయవలెను. పెండ్లికి పోయినచో ఎవరో ఒకరు ఇంటిలో నిలువవలెను. అది కొరికిన చెప్పులకు, చింపిన దుప్పటికి పద్దు ఏమని వ్రాయుదురు? మరియొకవైపున, పగలంతయు ఇంట ఒంటిగా కూర్చుండు అవ్వకు అది తోడైనది. మొదట వలదన్న ఆమెయే తరువాత తన పాలలో సగము దానికి పోయుచుండెను. దానికిని పద్దు లేదు.

నాలుగేండ్లకు తండ్రికి గుంతకల్లు బదిలీ అయినది. రేణిగుంట గూడూరు, అరక్కోణము, గుంతకల్లు, తిరుపతి మార్గములు కలియు కూడలి. అచటి రైల్వే కుటుంబములకు మూటలు కట్టుట క్రొత్త కాదు. క్రొత్త ఊరిలో కుక్కకు ఒప్పుకొను అద్దెయిల్లు దొరకునో లేదో తెలియదు. ఇట్టి సమయముననే పట్టణములలో అనేకులు పెంపుడుకుక్కను వీధిలో విడిచి పోవుదురు. "ఊరిలో ఎవరో ఒకరు పెట్టరా" అని తమను తాము సమాధానపరచుకొందురు. గిన్నెలోని తిండికి అలవాటుపడిన ఆ కుక్కకు చెత్తకుప్పలో వెదకుట తెలియదు, వీధికుక్కలు దానిని చేరనీయవు. టీకా గడువు దాటిపోవును. ఆడుకుక్కయైనచో అరువదిమూడు దినముల గర్భముతో పిల్లలను కనును. ఆ పిల్లలకు టీకా వేయించువారు లేరు. నిన్నటిదాక ఒక యింటి పుస్తకములో ఉన్న లెక్క అంతటితో మాసిపోదు. అది కాటుపడినవాని కూలిదినముల మీదికి, ప్రభుత్వాసుపత్రి మందులమీదికి మారును. వీధికుక్కలకు శస్త్రచికిత్స చేసి పిల్లలు పుట్టకుండ చేయుటయు, టీకా వేయుటయు స్థానికసంస్థల బాధ్యతయని 2023 నాటి నియమములు చెప్పుచున్నవి. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు, పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సుస్టాండులు, రైల్వేస్టేషనులు మొదలగు చోట్లనుండి వీధికుక్కలను ఆశ్రయములకు తరలింపవలెనని ఆదేశించినది. ఇందుకగు ధనమంతయు కుక్కను ఎన్నడును పెంచనివారు సైతము చెల్లించునదే.

తగిన కారణము లేక, ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును విడిచిపెట్టుట నేరమని 1960లో పార్లమెంటు చేసిన జంతుహింసా నివారణ చట్టము చెప్పుచున్నది. రుక్మిణీదేవి అరుండేలు పట్టుదల ఆ చట్టమునకు మూలము. ఐతే మొదటి నేరమునకు అది విధించు జరిమానా పది రూపాయలు మొదలు ఏబది రూపాయలు. బాలుని పుస్తకములో అది ఒక్కనాటి తిండి.

రైలులో కుక్కను కొనిపోవుటకు నియమములు గలవు. ఏ.సి. మొదటి తరగతిలో గది యంతయు తమకే దొరకినవారు దానిని తమవద్ద ఉంచుకొనవచ్చును. తక్కినవారు గార్డుపెట్టెలోని కుక్కల అరలో ఎక్కింపవలెను. పశువైద్యుని ధ్రువపత్రము చూపి, లగేజి రేటున రుసుము కట్టవలెను. నీరు, తిండి యజమానియే చూచుకొనవలెను. బాలుడు ముందునాడే వైద్యుని యొద్దకు పోయి కాగితము తెచ్చినాడు. గుంతకల్లు బండి వేదికకు రాగానే నీళ్లగిన్నెతో సహా కుక్కను అరలో ఎక్కించినాడు. బండి ఆగిన ప్రతి పెద్ద స్టేషనులోను దిగి, గార్డుపెట్టెదాక పరుగెత్తి, గిన్నె చూచి వచ్చినాడు. రేణిగుంట పుటలో చివరి పద్దుగా లగేజి రసీదు మొత్తమును వ్రాసి, మరుసటి పుట తిప్పి, పైన గుంతకల్లు అని వ్రాసికొన్నాడు.