గింప్ 3.0లో పాత స్క్రిప్టు మొరాయిస్తే...

ఉచిత ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ‘గింప్’ 3.0 వెర్షన్ 2025 మార్చిలో విడుదలైంది. వందలాది చిత్రాల పరిమాణాన్ని, రంగులను ఒక్క ఆదేశంతో మార్చే పాత ‘స్క్రిప్ట్-ఫూ’ ఫైళ్లలో పలు ఇందులో పనిచేయడం లేదు. అంతమాత్రాన ఏళ్ల శ్రమ వృథా అయినట్లు కాదు.

లోపాన్ని పట్టించేది దోష సందేశమే. ‘అన్‌బౌండ్ వేరియబుల్’ అని వస్తే, దాని పక్కన ఉన్న పేరును గింప్ గుర్తించలేదని అర్థం. అది స్క్రిప్టులోని చలరాశి పేరైతే, ముందుగా ప్రకటించకుండా వాడారన్నమాట. 2007లో వచ్చిన 2.4 వెర్షన్ నుంచే ఈ నియమం ఉంది. అది గింప్ ఆదేశం పేరైతే, ఆ ఆదేశం తొలగిపోయి ఉండవచ్చు. దాని స్థానంలో వచ్చినదాన్ని ‘ప్రొసీజర్ బ్రౌజర్’లో వెతకాలి.

పేరు మార్చినంతనే పని పూర్తికాకపోవచ్చు. గతంలో ఒక్క లేయరే క్రియాశీలంగా ఉండేది, 3.0లో ఒకేసారి పలు లేయర్లను ఎంచుకోవచ్చు. అందువల్ల కొత్త ఆదేశం ఒక లేయరుకు బదులు లేయర్ల సముదాయాన్ని అందిస్తుంది. అందులోంచి కావలసినదాన్ని విడిగా తీసుకోవాలి. పైథాన్ 2లో రాసిన ప్లగిన్లనైతే పైథాన్ 3కు మార్చక తప్పదు.

సవరించిన స్క్రిప్టును నకలు చిత్రాలపైనే పరీక్షించాలి. దోష సందేశం రానంత మాత్రాన ఫలితం సరైనదని కాదు. మూల ఫైలుపైనే సేవ్ అయితే పాత ఫొటో తిరిగి రాదు.