తిరిగొచ్చే సున్నం, ఎర్రబడే రొయ్య

తిరిగి మునుపటిలా మారగలిగితే భౌతిక మార్పు, మారలేకపోతే రసాయన మార్పు. బళ్లో పిల్లలు వల్లెవేసే ఈ సూత్రం పరీక్షలో మార్కులు తెస్తుంది గానీ, నెల్లూరు తీరాన నిలబడదు. అక్కడి ఉప్పు మడులు, గుల్ల సున్నం, రొయ్యల గుంటలు ఒక్కో రకంగా దాన్ని కాదంటాయి.

ముందు ఉప్పు సంగతి. అల్లూరు మండలం ఇస్కపల్లిలో ఎండలు ముదిరే కాలానికి ఉప్పు రైతులు ఉప్పునీటిని మడులకు పెట్టి ఎండకు వదులుతారు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు కరిగి ఉంటాయి. వాటిలో ముప్పాతిక వంతుకు పైగా మనం కూరలో వేసుకునే ఉప్పే. నీరు ఆవిరయ్యే కొద్దీ సోడియం, క్లోరైడ్ అయాన్లు బారులు తీరి గల్లు కడతాయి. ఆ గల్లును మళ్లీ నీళ్లలో వేస్తే అవే అయాన్లు విడిపోతాయి. కొత్త పదార్థమేదీ పుట్టలేదు. ఇంతవరకూ సూత్రానికి ఇబ్బంది లేదు.

అయితే మడిలో మొట్టమొదట దిగేది ఉప్పు కాదు. ఇటలీకి చెందిన ఊసీలియో అనే రసాయన శాస్త్రవేత్త మధ్యధరా సముద్రపు నీటిని ఓపిగ్గా ఇగరబెట్టి, ఏ లవణం ఎప్పుడు అడుక్కి చేరుతుందో 1849లో వెల్లడించాడు. ముందుగా కాల్షియం కార్బొనేట్. నీరు సుమారు ఐదో వంతుకు తగ్గాక జిప్సం. పదో వంతుకు వచ్చాక ఉప్పు. చివరికి మిగిలే నీళ్లు మెగ్నీషియం లవణాలతో చేదెక్కి ఉంటాయి. ఆ చేదు పట్టకముందే ఉప్పు లాగేయాలి, లేకపోతే రుచి చెడుతుంది, గాలిలో చెమ్మ పీల్చుకుని ఊరిపోతుంది.

ఈ వరుసలో మొదటి మెట్టును కాస్త పరీక్షగా చూడాలి. నీటిలో ఉన్న బైకార్బొనేట్ అయాన్లు కార్బన్ డయాక్సైడ్‌ను వదిలితేనే కాల్షియం కార్బొనేట్ ఏర్పడుతుంది. అది రసాయన చర్య. భౌతిక మార్పుకు ఉదాహరణగా పుస్తకాలన్నీ చూపించే ఉప్పు మడిలోనే, ఒక మూల, రసాయన మార్పు కూడా జరిగిపోతోందన్నమాట.

నత్తలూ ఆల్చిప్పలూ తమ గుల్లలు కట్టుకునేది కూడా ఈ కాల్షియం కార్బొనేటుతోనే. తీరం వెంట దక్షిణానికి వెళ్తే వచ్చే పులికాట్ సరస్సులో తరతరాల గుల్లలు పొరలుగా పేరుకున్నాయి. వాటిని తవ్వి తీసి, కాల్చి, సున్నం చేసేవారు. ఒక గుల్లను రోట్లో వేసి దంచితే పొడవుతుంది. ఆ పొడి మళ్లీ గుల్ల కాలేదు. బడి సూత్రం ప్రకారం అది రసాయన మార్పు కావాలి. కానీ పొడిలో ప్రతి రేణువూ కాల్షియం కార్బొనేటే. మార్పు భౌతికమే, వెనక్కి మాత్రం రాదు.

బట్టీలో కథ తిరగబడుతుంది. వేడి 900 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి చేరితే, 100 గ్రాముల కాల్షియం కార్బొనేట్ నుంచి 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిపోయి, 56 గ్రాముల పొడి సున్నం మిగులుతుంది. దాని మీద నీళ్లు పోస్తే కుతకుత ఉడికి 74 గ్రాముల తడి సున్నమవుతుంది. గోడకు పూసిన ఆ సున్నం నెలల తరబడి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుంటూ, నీటిని వదులుతూ గట్టిపడుతుంది. పూర్తిగా మారాక తూచగలిగితే మళ్లీ అదే 100 గ్రాముల కాల్షియం కార్బొనేట్! ఆకారం పోయింది, పదార్థం తిరిగొచ్చింది. దారిలోని మూడు మెట్లూ రసాయన మార్పులే.

కాల్చినప్పుడు తగ్గే ఆ బరువు ఎటు పోతోందో త్రాసు పట్టుకుని తేల్చినవాడు స్కాట్లాండ్‌లో పనిచేసిన జోసెఫ్ బ్లాక్. తప్పించుకుపోయేది ఒక వాయువని, అది మామూలు గాలి కాదని 1756లో ప్రచురించిన ప్రయోగాల్లో చూపించాడు. దానికి స్థిర వాయువు అని పేరు పెట్టాడు. నేటి మన కార్బన్ డయాక్సైడ్ అదే. పిల్లలకు నేర్పాల్సింది బ్లాక్ వేసిన ప్రశ్న లాంటిదే: వెనక్కి వస్తుందా అని కాదు, ఏం పోయింది, ఏం చేరింది, కొత్తగా ఏం పుట్టింది అని.

రంగు మారితే రసాయన మార్పే అన్నది ఇంకో నమ్మకం. గుంటలోంచి పట్టిన వెనామీ రొయ్య బూడిద రంగులో ఉంటుంది; వేడి తగలగానే ఎర్రబడుతుంది. ఆ ఎరుపు పొయ్యి మీద పుట్టింది కాదు. ఆస్టాజాంథిన్ అనే వర్ణకం రొయ్య ఒంట్లో ముందు నుంచీ ఉంది. బతికున్నప్పుడు ఒక ప్రోటీన్ దాన్ని గట్టిగా పట్టుకుని అసలు రంగు కనబడనివ్వదు. వేడికి ఆ ప్రోటీన్ మడతలు విడిపోతాయి, పట్టు సడలుతుంది, ఎరుపు బయటపడుతుంది. వర్ణకం అణువు మారలేదు, ప్రోటీన్ గొలుసూ తెగలేదు. అయినా ఉడికిన రొయ్య పచ్చిది కాలేదు. దీన్ని ఏదో ఒక గడిలో బలవంతాన కుక్కడం కంటే, రెండింటి సరిహద్దులో ఉందని ఒప్పుకోవడమే సరైన శాస్త్రం. ఆంధ్ర తీరపు పిల్లల పాఠ్యపుస్తకంలో ఈ రొయ్యకు చోటుండాలి.

రొయ్యకే పట్టే మరో రంగు గురించి మాత్రం ఏ సందేహమూ లేదు. పట్టిన తర్వాత ఆలస్యమైతే తల దగ్గర, పెంకు అంచుల్లో నల్ల మచ్చలు వస్తాయి. రొయ్యలోని ఎంజైమ్, గాలిలోని ఆక్సిజన్ కలిసి పనిచేసి మెలనిన్ అనే కొత్త పదార్థాన్ని తయారుచేస్తాయి. ఐస్ దాన్ని నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపలేదు. అందుకే రొయ్యలను సోడియం మెటాబైసల్ఫైట్ కలిపిన నీటిలో ముంచే పద్ధతి వచ్చింది. మచ్చ ఒక్కటే అయితే తినేవాళ్లకు హాని లేదు, కానీ కొనేవాళ్లు ధర తగ్గించేస్తారు.