భయం ఎందుకు గుర్తుండిపోతుంది?

2013 ఫిబ్రవరి 21, గురువారం. సాయంత్రం ఏడు గంటల వేళ దిల్‌సుఖ్‌నగర్ బస్‌స్టాపుల దగ్గర కొద్ది నిమిషాల తేడాతో రెండు బాంబులు పేలాయి. వాటిని సైకిళ్లకు అమర్చి ఉంచారు. కనీసం 17 మంది చనిపోయారు. వంద మందికి పైగా గాయపడ్డారు. మృతులలో చదువుకొనే యువకులు కూడా ఉన్నారు. పక్కనే ఉన్న చైతన్యపురి హాస్టళ్లలో మన పల్లెల పిల్లలు ఎందరో ఉండి చదువుకొంటారు గనుక ఇది మన కుటుంబాలకు దూరపు సంగతి కాదు.

అటువంటి చోటు నుండి ప్రాణాలతో బయటపడినవారు ఏళ్లు గడిచాక కూడా, గోడకు ఆనించిన సైకిలును చూసి ఉలిక్కిపడవచ్చు. టపాకాయ పేలితే వణికిపోవచ్చు. అప్పుడు మనం, “ఇంకా భయమేమిటిరా? నీకు విశ్వాసం లేదా?” అని గద్దిస్తాము. ఆ భయం ఎలా నాటుకొంటుందో తెలిస్తే అలా మాట్లాడము.

శరీరంలో జరిగేది

స్టెరాయిడ్ అనగానే మనకు ఊళ్లో వేసే సూదిమందు గుర్తుకు వస్తుంది. కాని మన శరీరమే కొన్ని స్టెరాయిడ్లను తయారు చేసుకొంటుంది. మూత్రపిండాల మీద టోపీల వలె రెండు చిన్న గ్రంథులున్నాయి. ప్రమాదం ఎదురైనప్పుడు అవి మొదట అడ్రినలిన్‌ను, కొన్ని నిమిషాలకు కార్టిసాల్ అనే స్టెరాయిడ్ హార్మోనును రక్తంలోకి వదులుతాయి.

కార్టిసాల్ మెదడుకు చేరుతుంది. అక్కడ బాదంగింజ ఆకారంలో ఉన్న అమిగ్డాలా భయాన్ని పట్టుకొంటుంది. హిప్పోక్యాంపస్ అనే భాగం అది ఎక్కడ, ఎప్పుడు జరిగిందో దాచుకొంటుంది. కార్టిసాల్ ఈ రెండింటి పనిని బలపరచి ఆ ఘడియను పచ్చబొట్టులా ముద్రిస్తుంది. పాము కనబడిన గట్టు మీద మళ్లీ జాగ్రత్తగా అడుగు వేయించేది ఇదే.

అదే కార్టిసాల్‌కు మరొక పని కూడా ఉంది. పాత భయం పైకి రావడాన్ని తగ్గించి, “ఇప్పుడు ఇక్కడ ప్రమాదం లేదు” అనే కొత్త పాఠం నేర్చుకొనేందుకు అది తోడ్పడుతుంది. ఎత్తులంటే భయపడేవారికి చికిత్సతోపాటు కార్టిసాల్ ఇస్తే భయం మరింత తగ్గిందని 2011లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. స్త్రీలలో ఈస్ట్రోజన్ తక్కువగా ఉన్న రోజుల్లో ఈ కొత్త పాఠం సరిగా నిలవకపోవచ్చని కూడా పరిశోధనలు చూపాయి.

ఇది చదివి ఎవరూ స్టెరాయిడ్ బిళ్లలు కొని మింగవద్దు. డాక్టరు చెప్పనిదే వాటిని మొదలుపెట్టరాదు, వాడుతున్నవారు హఠాత్తుగా మానరాదు.

ఇంటివారు చేయదగినది

పాత జ్ఞాపకం చెరిగిపోదు. దాని పక్కన కొత్త పాఠం నిలవాలి. కాబట్టి మేము కోరేదేమంటే, భయపడేవారిని ఎగతాళి చేయకండి, బలవంతంగా లాక్కొని వెళ్లకండి. వారు సరేనన్న రోజున, పగటివేళ, తోడుగా వెళ్లి కాసేపు నిలబడి రండి. కొన్నాళ్లకు మళ్లీ వెళ్లండి.

పీడకలలు, ఉలికిపాటు నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యునికి చూపించండి. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఉంది. ఊళ్లో ఉన్నవారు 14416కు ఫోను చేస్తే టెలీ మానస్ సలహాదారులు తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు.